అయిదు బోల్టుల బండికి ఆరు బోల్టుల రిమ్ము

ప్రశ్న: అన్నా, మాది నర్సంపేట దగ్గర పల్లె. నా థార్ 16 అంగుళాల స్టీల్ రిమ్ములతో వచ్చింది, టైర్లు 245/75 ఆర్16. ఇప్పుడవి అరిగిపోయాయి. దోస్తు ఒకడు తన ఇసుజు వి-క్రాస్ పికప్ అల్లాయ్ రిమ్ములు అమ్ముతానంటున్నాడు, రెండు బండ్లకూ పీసీడీ 139.7 కాబట్టి పడతాయట. టైర్ల షాపాయనేమో 285/75 టైర్లు, 8 అంగుళాల జీరో ఆఫ్‌సెట్ రిమ్ములు వేస్తే బండి లుక్కే మారిపోతుందంటున్నాడు. రోజూ పత్తి చేనుకు పోతాను, నెలకు రెండుసార్లు హైదరాబాద్. ఏది తీసుకోమంటారు?

జవాబు: తమ్ముడూ, ముందు దోస్తు సంగతి తేల్చేద్దాం. పీసీడీ 139.7 అంటే బోల్టుల గుండా గీసిన వలయం అడ్డకొలత, మిల్లీమీటర్లలో. అది రెండు బండ్లకూ ఒకటే, అబద్ధమేం లేదు. కానీ వి-క్రాస్‌కు ఆరు బోల్టులు, నీ థార్‌కు అయిదు! బేరం మొదలుపెట్టే ముందు ఇద్దరిలో ఒక్కరైనా రంధ్రాలు లెక్కపెట్టి ఉంటే ఈ ఉత్తరం ఖర్చు మిగిలేది. మధ్యలో అడాప్టర్ ప్లేటు పెడితే పడుతుందని ఎవరైనా అంటే ఆ మాట అక్కడే వదిలెయ్. రేపు ఇంకొకరు జిమ్నీ రిమ్ములు తెస్తారు. దానికి అయిదు బోల్టులే, 139.7 కూడా. అయినా అది నీ బండికంటే చాలా తేలికైనది, దాని రిమ్ము నీ బరువు మోస్తుందో లేదో చూడాలి, మధ్య రంధ్రం నీ హబ్బు (చక్రం బిగించే ఇరుసు చివర) మీద ఆట లేకుండా కూర్చోవాలి, నట్టు వాలు రిమ్ము గుంత వాలుతో కలవాలి. వాలు కలవకపోతే ఎంత బిగించినా నట్టు వదులవుతూనే ఉంటుంది.

ఇక షాపాయన మాట. లెక్క వేసి చూడు. టైరు వెడల్పు 245 మిల్లీమీటర్లు, అందులో 75 శాతం టైరు గోడ ఎత్తు, దాన్ని రెండింతలు చేసి 16 అంగుళాల రిమ్ము కలిపితే నీ పాత టైరు మొత్తం ఎత్తు 774 మిల్లీమీటర్లు వస్తుంది. 285/75 అయితే 834. అరవై మిల్లీమీటర్లు పెరిగిందని సంబరపడకు, అందులో సగమే బండి కింద ఎత్తుగా దొరుకుతుంది, మిగతా సగం మడ్‌గార్డులోకి ఎక్కి కూర్చుంటుంది. మీటరు 80 చూపిస్తుంటే అసలు వేగం 86 దాకా ఉంటుంది, హైదరాబాద్ రోడ్డు మీద కెమెరాలు నీ మీటరు చూసి ఫొటో తీయవు కదా. పికప్ తగ్గుతుంది, బ్రేకుకు పని పెరుగుతుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది.

దీనికి తోడు జీరో ఆఫ్‌సెట్. రిమ్ము వెడల్పు మధ్యగీత నుంచి హబ్బుకు ఆనే ముఖం ఎంత దూరమో అదే ఆఫ్‌సెట్. రిమ్ము వెనకాల ఈటీ అని ఉంటుంది, దాని పక్కనే ఆ అంకె, నీ పాత రిమ్ము విప్పినప్పుడు అది కాగితం మీద రాసుకో. లెక్క కోసం పాతది 7 అంగుళాలు, ఈటీ 35 అనుకో. దాని బదులు 8 అంగుళాల ఈటీ 0 వేస్తే చక్రం బయటి అంచు 48 మిల్లీమీటర్లు, అంటే దాదాపు మూడు వేళ్లు, బయటికి వస్తుంది. గుంతలో పడ్డ ప్రతిసారీ స్టీరింగ్ చేతిని గుంజుతుంది, బేరింగుల మీద భారం పెరుగుతుంది, మడ్‌గార్డు దాటిన టైరు చిమ్మే బురదంతా నీ తలుపుల మీదే.

నేను కూడా ఇందులో చేతులు కాల్చుకున్నవాడినే. పాత బండికి స్పేసర్లు (చక్రాన్ని బయటికి జరిపే బిళ్లలు) పెట్టించి పెద్ద టైర్లు వేయించాను, షాపు ముందు ఖాళీ బండిని అటూ ఇటూ తిప్పితే ఎక్కడా తగల్లేదు. నలుగురం ఎక్కి సామాన్లేసుకుని మేడారం బయల్దేరితే, ములుగు దాటకముందే ముందు చక్రాల నుంచి బర్రుమని చప్పుడు. గట్టమ్మ గుడి దగ్గర ఆపి తొంగి చూస్తే మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్ చిరిగి వేలాడుతోంది, టైరు భుజం మీద రబ్బరు పొట్టు వెంట్రుకల్లా లేచి ఉంది. అందుకే చెబుతున్నా, ఏ టైరైనా బిగించాక దాని అంచులకు సుద్ద పూయి, బండిలో మనుషుల్ని ఎక్కించు, ఒక ముందు చక్రాన్ని రాయి మీదికి ఎక్కించి స్టీరింగ్ చివరిదాకా తిప్పు, రెండు వైపులా. లోపల సుద్ద మరక పడితే డబ్బు కట్టకముందే వెనక్కి ఇచ్చెయ్.

నన్నడిగితే నీ స్టీల్ రిమ్ములు బాగానే ఉన్నాయి, వంగితే సుత్తితో సరిచేసుకోవచ్చు, అల్లాయ్ పగిలితే పారెయ్యడమే. వాటికే అదే 245/75 కొలతలో ఏటీ టైర్లు (రోడ్డుకూ మట్టికీ రెండింటికీ పనికొచ్చేవి) వేయించు. కొంచెం వెడల్పు కావాలన్న కోరిక చావకపోతే 265/70 ఆర్16 ఉంది, దాని ఎత్తు 777, పాతదానికి మూడు మిల్లీమీటర్లే తేడా. 7 నుంచి 8 అంగుళాల రిమ్ముకు కూర్చుంటుంది, సుద్ద పరీక్ష మాత్రం దానికీ తప్పదు. టైరు మీద కొలత పక్కన ఉండే లోడ్ అంకె పాతదానికంటే తగ్గకూడదు. 111 అంటే ఒక్కో టైరు 1090 కిలోలు మోస్తుందని.

ఎంటీ టైర్ల (బురద కోసం చేసినవి) మీద ఆశ ఉందేమో, అదీ చెబుతా. పెద్ద పెద్ద గడులు, ఎర్ర చలకలో, రాళ్లలో బ్రహ్మాండంగా పట్టు ఇస్తాయి. కాజీపేట దాటి హైవే ఎక్కగానే మాత్రం పిండిమర గిర్ని పక్కన కూర్చున్నట్టే, తడి తారు మీద బ్రేకు వేస్తే గుండె జారుతుంది. ఇక మీ పత్తి చేను రేగడి. జూలై వానకు తడిసిన రేగడిలో ఎంటీ గడులు కూడా కాసేపట్లో నిండిపోతాయి, చక్రం నున్నటి మట్టిముద్ద అవుతుంది. వరి మడిలో ట్రాక్టరుకే కేజీవీల్స్ కట్టుకుంటున్నాం కదా. అలాంటి రోజు బండి గట్టున పెట్టి నడిచిపో.

చట్టం సంగతి ఒక మాట: మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ చెప్పిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. అల్లాయ్‌లు వేయించినా బీమా కంపెనీకి రాసి చెప్పు, క్లెయిమ్ రోజు గొడవ ఉండదు. కొత్త రిమ్ములు వేశాక వంద కిలోమీటర్ల లోపు నట్ల బిగువు మళ్లీ టార్క్ రెంచితో (బిగువు కొలిచే రెంచి) చూపించు.

ప్రశ్న: నేను ములుగులో టీచర్‌ని. తాడ్వాయి వైపు అడవి దారుల్లో మా పికప్ ఇసుకలో దిగబడుతోంది. ఇంకా వెడల్పు టైర్లు వేయిద్దామంటున్నారు మావారు. అవసరమా?

జవాబు: అవసరం లేదమ్మా. ముందు గాలి తగ్గించి చూడండి, 18 నుంచి 20 పీఎస్ఐకి దించితే ఉన్న టైరే పరుచుకుని ఇసుక మీద తేలుతుంది. మెల్లగా పోవాలి, స్టీరింగ్ గట్టిగా తిప్పొద్దు. తారు రోడ్డు ఎక్కేముందు మళ్లీ గాలి నింపాలి, లేకపోతే టైరు వేడెక్కి పగులుతుంది. అందుకని సిగరెట్ సాకెట్‌కు తగిలించే చిన్న గాలి పంపు కొనండి, నాలుగు టైర్ల ధరలో అది ఏ మూలకు!

ప్రశ్న: పెద్ద టైర్లు నాలుగే కొంటే చాలదా, స్టెప్నీ పాతదే ఉంచుకుంటాను. (పరకాల)

జవాబు: కొలత మారితే అయిదూ కొనాల్సిందే. చిన్న స్టెప్నీ ఒకవైపు వేసుకుని ఫోర్ వీల్ డ్రైవ్ వేస్తే గేర్లు ఒకదాన్నొకటి నలుపుకుంటాయి. కొనేటప్పుడు టైరు గోడ మీద DOT అని మొదలయ్యే వరుసలో చివరి నాలుగంకెలు చూడండి, 2324 అని ఉంటే 2024లో 23వ వారం తయారైందని అర్థం. అయిదింటికీ చూడండి, స్టెప్నీకని పాత సరుకు అంటగడతారు.