తెర ఎర్రబడితే ఏం చేయాలి?

ప్రశ్న: గూగుల్‌లో వెతికి ఒక లింకు నొక్కాను. తెరంతా ఎర్రగా మారి ‘ప్రమాదకరమైన సైట్’ అని వచ్చింది. భయపడి వెనక్కి వచ్చేశాను. ఈపాటికి ఫోన్లోకి వైరస్ వచ్చేసి ఉంటుందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: రాదండీ. ఎర్ర తెర వచ్చిందంటే ఆ పేజీని బ్రౌజర్ గుమ్మంలోనే ఆపేసిందని అర్థం. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ మూడూ గూగుల్ వారి ‘సేఫ్ బ్రౌజింగ్’ అనే ప్రమాదకర సైట్ల జాబితాను వాడతాయి. ఎడ్జ్‌కి అలాంటిదే మైక్రోసాఫ్ట్ వారి స్మార్ట్‌స్క్రీన్ ఉంది. ‘వివరాలు’ నొక్కితే అడుగున ‘అయినా వెళ్తాను’ అనే దారి కనిపిస్తుంది. అటు వెళ్లకండి.

ఒకవేళ ఎప్పుడైనా వెళ్లి ఉంటే, అక్కడ ఏం చేశారన్నదాన్ని బట్టి ముందుకెళ్లాలి. పాస్‌వర్డ్ కొట్టి ఉంటే వేరే ఫోన్ నుంచి వెంటనే మార్చండి. కార్డు నంబరో, యూపీఐ పిన్నో ఇచ్చి ఉంటే బ్యాంకుకు చెప్పి, ఆ వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. యాప్ ఎక్కించి ఉంటే ముందు డేటా, వైఫై ఆపి, సెట్టింగ్స్‌లో ‘యాక్సెసిబిలిటీ’ (తెరను చదివే, మీ బదులు నొక్కే వీలు) అనుమతి ఏ యాప్‌కు ఉందో చూసి, ఆ అనుమతి తీసేసి, ఆపై యాప్‌ను తొలగించండి. ఆ అనుమతి ఉన్నంతవరకూ కొన్ని యాప్‌లు తమను తొలగించనివ్వవు.

ఇంకో మాట. అసలైన హెచ్చరికలో ఫోన్ నంబర్ ఉండదు, మోత ఉండదు, ‘ఈ యాప్ వేసుకోండి’ అని ఉండదు. ‘మీ ఫోన్లో 13 వైరస్‌లు ఉన్నాయి, ఈ నంబరుకు కాల్ చేయండి’ అని అరిచేది మోసగాళ్ల పేజీయే. ఆ ట్యాబ్ మూసేస్తే చాలు.

ప్రశ్న: మాకు పచ్చళ్ల వ్యాపారం ఉంది. సైటు వర్డ్‌ప్రెస్‌లో చేయించాం. వారం నుంచి గూగుల్‌లో మా పేరు కింద ‘ఈ సైట్ హ్యాక్ అయి ఉండవచ్చు’ అని వస్తోంది. మేం తెరిస్తే అంతా బాగానే ఉంది. గూగుల్ పొరపాటేమో?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: గూగుల్ పొరపాటు పడిన రోజు ఒకటుంది. 2009 జనవరి 31న, మన లెక్కలో రాత్రి 8 నుంచి దాదాపు 9 గంటల మధ్య, వెతికిన ప్రతి సైటు కిందా ‘హాని చేయవచ్చు’ అని చూపించింది. హానికర సైట్ల జాబితాలోకి ‘/’ అనే ఒక్క గీత పొరపాటున చేరడమే కారణం. ఆ గీత లేని వెబ్ చిరునామా ఉండదు కదా! అప్పుడు అందరికీ వచ్చింది. ఇప్పుడు మీ ఒక్కరికే వస్తోంది కాబట్టి నమ్మండి.

మీకు బాగానే కనిపించడానికి కారణం ఉంది. హ్యాకర్లు పెట్టే కోడ్ వచ్చినవారు ఎటు నుంచి వచ్చారో చూస్తుంది. చిరునామా నేరుగా కొట్టినవారికి పచ్చళ్లు చూపిస్తుంది, గూగుల్ నుంచి వచ్చినవారిని బెట్టింగ్ పేజీకో, మందుల అంగడికో తోలేస్తుంది. గూగుల్‌లో ‘సైట్’ అనే ఇంగ్లిష్ మాట, కోలన్, ఖాళీ వదలకుండా మీ చిరునామా కొట్టి చూడండి. మీరు పెట్టని పేజీలు బయటపడతాయి.

తర్వాత సైటు యజమానుల కోసం గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో సైటు మీదేనని నిరూపించుకుని ‘సెక్యూరిటీ ఇష్యూస్’ తెరవండి. ఏ పేజీల్లో ఏం దొరికిందో ఉదాహరణలు అక్కడే ఉంటాయి. అందులోనే సెట్టింగ్స్‌లో యజమానుల జాబితా కూడా చూడండి. హ్యాకర్లు తమనూ యజమానులుగా చేర్చుకోవడం మామూలే.

దేన్నీ తుడిచేముందు ఫైళ్లు, డేటాబేస్ మొత్తం ఒక కాపీ తీసి పక్కన పెట్టండి. ఇక శుభ్రం చేయడం. ‘అప్‌లోడ్స్’ ఫోల్డర్‌లో ఉండాల్సినవి ఫొటోలు, పత్రాలు. అక్కడ పీహెచ్‌పీ ఫైలు (సర్వర్‌లో నడిచే కోడ్) కనిపిస్తే అనుమానించాల్సిందే. దారి మళ్లింపు ఎక్కువగా డాట్ హెచ్‌టీయాక్సెస్ అనే సర్వర్ సెట్టింగుల ఫైల్లో దాక్కుంటుంది. తెలియని అడ్మిన్లు, క్రాన్ జాబ్‌లు (వేళకు వాటంతటవే నడిచే పనులు), డేటాబేస్‌లోని పోస్టుల్లో, ఆప్షన్ల పట్టికలో దూరిన స్క్రిప్టులు కూడా వెతకండి. వర్డ్‌ప్రెస్ సొంత ఫోల్డర్లను ఒక్కొక్క వరుస చదివి బాగు చేయాలనుకోకండి, అది తెమలని పని. ‘అడ్మిన్’, ‘ఇన్‌క్లూడ్స్’ రెండూ తీసేసి, అదే వెర్షన్‌వి కొత్తగా పెట్టండి. ప్లగిన్లూ (సైటుకు అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రాములు) అంతే. ఒకే హోస్టింగ్ ఖాతాలో ఇంకో సైటు ఉంటే దాన్నీ కడగాలి, లేకపోతే అక్కడి నుంచి మళ్లీ అంటుకుంటుంది.

అసలు సంగతి, వాళ్లు ఎటు నుంచి దూరారన్నది. డబ్బు కట్టాల్సిన థీమ్‌ను ఎవరైనా ఉచితంగా తెచ్చి పెట్టారేమో కనుక్కోండి. అలాంటి థీమ్‌లలో తరచూ దొంగ తలుపు ముందే పెట్టి ఉంటుంది. ఏడాదిగా అప్‌డేట్ చేయని ప్లగిన్ రెండో అనుమానం. ఆ దారి మూశాక హోస్టింగ్, ఎఫ్‌టీపీ (ఫైళ్లు ఎక్కించే ఖాతా), డేటాబేస్, అడ్మిన్ పాస్‌వర్డ్‌లు అన్నీ మార్చి, కాన్ఫిగ్ ఫైల్లో లాగిన్లను కాపాడే ‘సాల్ట్’ అనే రహస్య కీలూ మార్చండి. కీలు మారితే లోపల కూర్చున్నవాళ్లంతా లాగౌట్ అయిపోతారు.

అప్పుడు ‘రిక్వెస్ట్ రివ్యూ’ నొక్కి ఏం దొరికింది, ఏం తీసేశారు, ఏ దారి మూశారు అనే మూడూ రాయండి. ఫిషింగ్ (పాస్‌వర్డ్‌లు కాజేసే నకిలీ పేజీలు) అయితే ఒక రోజు, మాల్‌వేర్ (హానికర ప్రోగ్రాములు) అయితే కొన్ని రోజులు పడుతుంది. మీలాంటి స్పామ్ హ్యాకింగ్‌కు వారాలు పట్టవచ్చు. జవాబు రాకముందే మళ్లీ మళ్లీ పంపకండి. శుభ్రమైందనిపించుకుని మళ్లీ మళ్లీ హానికి తిరిగే సైటుగా ముద్ర పడితే, 30 రోజులు రివ్యూ అడిగే వీలే ఉండదు.

ప్రశ్న: ప్రభుత్వ సైటు తెరిస్తే ‘మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు’ అంటోంది. ఇదీ అదేనా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: కాదు. ఇది సైటు అసలుదేనని బ్రౌజర్‌కు చెప్పే సర్టిఫికెట్ గొడవ. ముందు మీ ఫోన్లో తేదీ, సమయం సరిగా ఉన్నాయో చూడండి, చాలాసార్లు అదే కారణం. అవి సరిగా ఉంటే సైటు సర్టిఫికెట్ గడువు తీరి ఉండొచ్చు. అది మారేదాకా అక్కడ ఆధార్, పాస్‌వర్డ్ ఇవ్వకండి.

ప్రశ్న: హెచ్చరిక రాలేదంటే సైటు మంచిదేనని అనుకోవచ్చా?
– ఒక పాఠకుడు, బళ్లారి

జవాబు: అనుకోవద్దు. జాబితాలోకి ఎక్కేలోపే చాలా దొంగ సైట్లు మాయమవుతాయి. సగటున 10 నిమిషాలు కూడా ఉండవని గూగులే చెప్పింది. ఫోన్లోని జాబితా 30 నుంచి 60 నిమిషాలకోసారి మారేది కాబట్టి అది అందుకోలేకపోయేది. అందుకే 2024 మార్చిలో క్రోమ్‌కు అప్పటికప్పుడు సరిచూసే పద్ధతి తెచ్చారు. సెట్టింగ్స్‌లో ‘ఎన్‌హాన్స్‌డ్ ప్రొటెక్షన్’ పెట్టుకుంటే కాపలా ఇంకా పెరుగుతుంది, కాకపోతే మీరు చూసే చిరునామాలు గూగుల్‌కు వెళ్తాయి. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లో అది పెట్టడమే మేలని నా అభిప్రాయం.

బ్యాంకు సైటైతే పేరు చివర ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ ఉందో లేదో చూడండి. 2025 అక్టోబర్ 31లోగా బ్యాంకులన్నీ దానికి మారాలని రిజర్వ్ బ్యాంక్ చెప్పింది. ఇక వాట్సాప్‌లో ‘ట్రాఫిక్ చలాన్’, ‘పీఎం కిసాన్’ అంటూ వచ్చే ఏపీకే ఫైలు (యాప్‌ను ఎక్కించే ఫైలు) సైటే కాదు. దాన్ని నొక్కితే ఎర్ర తెర వస్తుందని ఎదురుచూడకుండా అక్కడికక్కడే డిలీట్ చేయండి.