నిద్రలో పళ్ళు కొరికే రెండేళ్ళ పిల్లలు: మా పాప విషయంలో మేం చూసుకున్నవి

బాబుకి రెండేళ్ళు దాటాయి, రాత్రిళ్ళు పళ్ళు పటపటా కొరుకుతున్నాడు, ఇంట్లో పెద్దవాళ్ళు కడుపులో పురుగులంటున్నారు, పళ్ళు అరిగిపోతాయేమో, కొరికేటప్పుడు లేపాలా వద్దా అని అడిగారు. మా పాపకీ దాదాపు అదే వయసులో మొదలైంది కాబట్టి రాస్తున్నాను. ముందు మీ భయం సంగతి. ఆ చప్పుడు వినడానికి ఎంత ఘోరంగా ఉంటుందో, పళ్ళకి అంత నష్టం జరగదు. చాలామంది పిల్లలకి దీనికంటూ మందే అక్కర్లేదు. కాకపోతే కొందరిలో దీనికి ముక్కు, గొంతు సమస్య తోడై ఉంటుంది. మీరు కాస్త గట్టిగా చూసుకోవాల్సింది అక్కడే.

మా పాపది పలక మీద బలపం నొక్కి గీసినట్టుండే చప్పుడు. పక్కగదిలోకి కూడా వినబడేది. అంత చిన్న నోట్లోంచి అంత మోత ఎలా వస్తుందో అనుకునేవాళ్ళం. కాసేపు కొరికేది, ఆగేది, అటు తిరిగి పడుకుని మళ్ళీ మొదలుపెట్టేది. పొద్దున్న లేచాక తనకేమీ తెలిసేది కాదు. ఇది ఎక్కువగా నిద్ర తేలికగా ఉన్నప్పుడు జరుగుతుందట. మెదడు ఒక్క క్షణం మెలకువ వైపు జరుగుతుంది, గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది, ఆ వెంటనే దవడ కండరాలు బిగుసుకుంటాయి. అందుకే నిద్రని చెదరగొట్టేది ఏదున్నా, ముక్కుదిబ్బడ కానీ, కొత్త చోటు కానీ, ఆ రాత్రి కొరకడం ఎక్కువవుతుంది. వంశపారంపర్యంగా కూడా వస్తుంది. మా ఆయన నిద్రలో పళ్ళు కొరుకుతారు, కాబట్టి పాప ఎవరి పోలికో మా ఇంట్లో పెద్ద చర్చేమీ జరగలేదు.

ఇక పురుగులు. ఈ మాట మాకూ అందరూ చెప్పారు. పెద్దవాళ్ళ మాటని పూర్తిగా కొట్టిపారెయ్యను. నులిపురుగులు రాత్రిపూట బయటికొచ్చి మలద్వారం చుట్టూ గుడ్లు పెడతాయి, ఆ దురదకి పిల్లల నిద్ర చెదురుతుంది. కానీ పళ్ళు కొరికే పిల్లలందరికీ కడుపులో పురుగులుండవు. రాత్రి పిరుదుల దగ్గర గోక్కోవడమో, దొడ్డికి వెళ్ళినప్పుడు తెల్లటి సన్న దారాల్లాంటివి కనబడటమో ఉంటే డాక్టర్‌కి చెప్పి పురుగుల మందు వెయ్యండి. కేవలం ఈ చప్పుడు విని మళ్ళీ మళ్ళీ వెయ్యకండి. మోతాదు కూడా వయసుని బట్టి మారుతుంది: ఆల్బెండజోల్ మామూలుగా రెండేళ్ళు దాటితే 400 మిల్లీగ్రాములు, ఏడాదికీ రెండేళ్ళకీ మధ్య పిల్లలకి అందులో సగం.

మేం ముందు పిల్లల పళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. కుర్చీలో కూర్చోబెడితే ఏడుస్తుందని నేనూ ఆవిడా మోకాళ్ళు ఆనించుకుని ఎదురెదురుగా కూర్చున్నాం. పాప కాళ్ళు నా నడుముకి అటూ ఇటూ, తల ఆవిడ ఒళ్ళో. గ్లవ్ వేసుకున్న వేలితో పై కోరపళ్ళ మొనలు తడిమి చూసి, కొంచెం మొద్దుబారాయి కానీ ఎనామిల్, అంటే పంటి పైనుండే గట్టి పొర, బాగానే ఉంది అన్నారు. ఎనామిల్ బాగా అరిగిపోతే కింద పసుపు రంగు డెంటిన్ బయటపడుతుంది, అప్పుడు చల్లటి నీళ్ళు తాగినా జివ్వుమంటుంది. పాలపళ్ళకి ఎనామిల్ పలుచగానే ఉంటుంది, నిజమే. కానీ మూడేళ్ళకల్లా వచ్చేసే ఆ 20 పళ్ళూ ఆరేళ్ళప్పటి నుంచి ఒక్కొక్కటీ ఊడిపోయేవే, కొరికే అలవాటు కూడా ఆ రోజులు వచ్చేసరికి చాలామందిలో తగ్గిపోతుంది. పెద్దవాళ్ళు రాత్రిపూట పళ్ళకి తొడుక్కునే నైట్ గార్డ్ పెట్టొచ్చా అని అడిగితే, ఎదుగుతున్న దవడకి మామూలుగా అది వద్దంటాం అన్నారు.

తర్వాత ఆవిడ అడిగిన ప్రశ్నే నాకు పనికొచ్చింది. "నోరు తెరుచుకుని పడుకుంటుందా? గురక పెడుతుందా?" జలుబు చేసినప్పుడు పెడుతుందన్నాను. "జలుబు లేనప్పుడు?" అన్నారు. ఫోన్‌లో వీడియో తీసి చూడమన్నారు, మొహం, ఛాతీ రెండూ కనబడేలా, చొక్కా గుండీలు విప్పి. తీశాం. జలుబు లేని రోజుల్లో కూడా నోరు తెరిచే ఉంది, మెడ వెనక్కి వాల్చి పడుకుంటోంది, దిండు చొల్లుతో తడిసి ఉంది. ఆ వీడియో చూపిస్తే పిల్లల డాక్టర్ ఈఎన్‌టీ దగ్గరికి పంపారు. ముక్కు వెనక ఉండే మెత్తటి కండలాంటి అడినాయిడ్లు కాస్త పెరిగాయని తేలింది. ఊపిరి ఆగడం లేదు కాబట్టి ఆపరేషన్ మాట ఎత్తలేదు. ఏడెనిమిదేళ్ళు వచ్చేసరికి అవి చాలామందిలో వాటంతటవే చిన్నవవుతాయి. పడుకునే ముందు సెలైన్ చుక్కలు వెయ్యమన్నారు. ఇవి ఉత్త ఉప్పునీటి చుక్కలు. ముక్కుదిబ్బడ తగ్గించే మందు చుక్కలు వేరు, డాక్టర్ చెప్పకుండా చిన్నపిల్లలకి అవి వాడకూడదు. ముక్కు ఖాళీగా ఉన్న రాత్రులు మా పాప కొరకడం బాగా తగ్గింది, జలుబు చేస్తే మళ్ళీ వచ్చేది. ఇప్పుడు ఐదేళ్ళు, ఎప్పుడో ఒకసారి తప్ప వినబడటం లేదు.

దాంతోపాటు నిద్ర పద్ధతి మార్చాం: పడుకునే గంట ముందు ఫోన్, టీవీ బంద్, రోజూ ఒకే సమయానికి పక్క. మీ బాబు వయసు పిల్లలకి పగటి కునుకుతో కలిపి రోజుకి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి. ఇంట్లో ఎవరైనా సిగరెట్ కాలిస్తే అది పిల్లల ముక్కుకీ ఊపిరికీ కూడా చేటే. మెగ్నీషియం చుక్కలు వేస్తే తగ్గుతుందని మాకూ ఒకరు చెప్పారు. మేం వెయ్యలేదు. డాక్టర్ కూడా అక్కర్లేదన్నారు.

గురక మధ్యలో ఊపిరి ఆగి, ఒక్కసారిగా ఎగపీల్చినట్టు అనిపిస్తే ఆలస్యం చెయ్యకుండా డాక్టర్‌కి చూపించండి. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతున్నా, నిద్రలో ఒళ్ళంతా చెమటలు పడుతున్నా అంతే. పన్ను పెచ్చు ఊడినా, పొద్దున్నే దవడ పట్టుకుని ఏడ్చినా, నమలనని మొరాయించినా పళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. కొరకడంతోపాటు చేతులూ కాళ్ళూ ఒకే తీరున కొట్టుకుంటూ, పిలిచినా స్పందించకపోతే అది వేరే సమస్య, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఏదైనా కొత్త మందు మొదలుపెట్టాకే ఇది వచ్చిందేమో కూడా ఒకసారి గుర్తు చేసుకోండి.

లేపాలా అన్నారు కదా, లేపకండి. లేపితే వాడి నిద్ర పాడవుతుంది తప్ప కొరకడం మానడు, మళ్ళీ నిద్రపట్టాక మళ్ళీ కొరుకుతాడు. నేనైతే మెల్లగా పక్కకి ఒత్తిగిల్లేలా జరిపేదాన్ని. ఒక్కోసారి ఆగేది, ఒక్కోసారి ఆగేది కాదు.