క్రిస్మస్‌కు వస్తుందనుకున్న బోనస్

ప్రశ్న: మాది మిర్యాలగూడ. మా ఆయన ఏడేండ్లుగా ఒక రైసుమిల్లులో గుమాస్తా. జీతం 18 వేలు. మిల్లులో అందరికీ దసరాకు బోనస్ ఇచ్చేవారు. మాకు మాత్రం పెద్ద సేటు క్రిస్మస్ ముందు పిలిచి ఒక నెల జీతం చేతిలో పెట్టేవాడు. ఈ ఏడు పెత్తనం కొడుకు చేతికి వచ్చింది. దసరాకే అందరితోపాటు 9 వేలు బ్యాంకులో వేశాడు. క్రిస్మస్‌కు ఇంకేం లేదట. పిల్లల బట్టలు, చర్చి కానుక, చిట్టీ బాకీ అన్నీ ఆ పైసల మీదే పెట్టుకున్నాను. అడగమంటే మా ఆయన నోరు తెరవడు. ఇంట్లో రోజూ గొడవే. హైదరాబాద్‌లో ఉండే మా తోటికోడలు వాళ్లకు బోనస్ వచ్చిందని ఫోన్ చేసి మరీ చెప్పింది. పెద్ద సేటు భార్య నాకు తెలుసు. నేనే వెళ్లి అడగనా?

జవాబు: వద్దమ్మా, మీరు వెళ్లొద్దు. మీరు అక్కడ అడిగిన మాట సాయంత్రానికి మిల్లు అంతా తిరుగుతుంది. రేపు పొద్దున ఆ కుర్చీలో కూర్చోవాల్సింది మీ ఆయన.

ముందు హక్కు సంగతి చూద్దాం. చట్టంలో దసరా బోనస్, క్రిస్మస్ బోనస్ అని వేర్వేరుగా లేవు. ఏడాదికి ఒకటే బోనస్. 1965 నాటి బోనస్ చట్టం ఇప్పుడు 2019 వేతనాల కోడ్‌లో కలిసింది. 20 మంది లేదా అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే చోట, ఏడాదిలో కనీసం 30 రోజులు పనిచేసినవారికి ఏడాది జీతంలో 8.33 శాతం తప్పనిసరి, గరిష్ఠం 20 శాతం. లెక్కల సంవత్సరం ముగిసిన ఎనిమిది నెలల్లో ఇవ్వాలి, అంటే మార్చి లెక్కకు నవంబరు ఆఖరు గడువు. పండుగకు ముందే ఇచ్చిన బోనస్‌ను ఇందులోంచి మినహాయించుకోవచ్చు. కాబట్టి దసరాకు ఇచ్చి క్రిస్మస్‌కు ఇవ్వకపోవడం తప్పేం కాదు.

8.33 శాతం అంటే ఏడాదికి ఒక నెల జీతం. మరి 18 వేలు రావాలి కదా అంటారు. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆ పాత బోనస్ చట్టానికి 2015లో చేసిన సవరణ ప్రకారం నెలకు 21 వేల లోపు జీతగాళ్లకు బోనస్ వర్తిస్తుంది, కానీ లెక్క మొత్తం జీతం మీద కట్టరు. నెలకు 7 వేలు, లేదా ఆ పనికి సర్కారు పెట్టిన కనీస వేతనం, ఏది ఎక్కువైతే దాని మీద కడతారు. మీ ఆయన పనికి ఉన్న కనీస వేతనం ఎంతో లేబర్ ఆఫీసులో అడిగితే చెబుతారు. అది 9 వేలకు మించితే ఆ తేడా అడగొచ్చు. అంతకు పైన పెద్ద సేటు ఇన్నేండ్లూ ఇచ్చింది ఆయన మంచితనం. దాన్ని కొడుకు కొనసాగించాలని ఆశపడొచ్చు, పట్టుబట్టడం కష్టం.

అలాగని కొడుకును నేను వెనకేసుకురాను. ఏడేండ్లు ఒక ఇంటి పండుగ ఆ పైసలతో నడిచిందని తెలిసినప్పుడు, ఆపేముందు ఒక మాట చెప్పాలి. దసరా నాడే పిలిచి “ఇక నుంచి అందరికీ ఒకేసారి” అని ఉంటే మీరు చిట్టీ మరోలా చూసుకునేవారు. నాకు తప్పు కనిపించేది అక్కడే.

ఇక మీ ఆయన మౌనం. మీరు పిరికితనం అనుకుంటున్నారు. నాకు మరో అనుమానం ఉంది. గుమాస్తా అంటే మిల్లు లెక్కలన్నీ తెలిసిన మనిషి. వానాకాలం వడ్లు దిగే ఈ రోజుల్లో డబ్బంతా వడ్ల మీదే ఉంటుంది, చేతిలో రొక్కం ఎంతుందో ఆయనకు మీకన్నా, నాకన్నా బాగా తెలుసు. లేదా ఫీజుకో, ఆసుపత్రికో మీకు చెప్పకుండా అడ్వాన్సు తీసుకుని ఉండొచ్చు. అడ్వాన్సు మీద ఉన్నవాడికి బోనస్ అడగడానికి నోరు రాదు. ఈ రాత్రి గొంతు పెంచకుండా అదొక్కటే అడగండి: “మిల్లులో మన బాకీ ఏమైనా ఉందా?” ఉందంటే ఆ క్షణాన తిట్టకండి. తిడితే మళ్లీ ఎప్పుడూ చెప్పడు.

బాకీ లేదంటే, ఆయన్నే చిన్న సేటుతో మాట్లాడమనండి. హమాలీల ముందు కాదు, లారీలు లైనులో ఉన్నప్పుడు కాదు. పొద్దున ఆఫీసు తెరవగానే, కూర్చుని: “పెద్ద సేటు మాకు క్రిస్మస్‌కు ఇచ్చేవారు. ఈసారి దసరాకే ఇచ్చారు, సంతోషం. వచ్చే ఏడు కూడా ఇట్లనేనా? ఇట్లనే అయితే ముందే చూసుకుంటాం. ఈ పండుగకు మాత్రం జీతంలో కోసుకునేలా ఐదు వేలు అడ్వాన్సు ఇవ్వండి.” బోనస్ అడిగితే కాదనడం తేలిక. అడ్వాన్సుకు, వచ్చే ఏడు సంగతికి ఏదో ఒక జవాబు చెప్పక తప్పదు.

తోటికోడలి మాట వదిలేయండి. అక్కడి ఖర్చులు ఆమె ఫోన్‌లో చెప్పలేదు. పిల్లలకు ఒక్కో జత చాలు, సెమీ క్రిస్మస్‌కూ పండుగకూ అదే వేయండి. చర్చి కానుక తగ్గిస్తే ఎవరూ లెక్కపెట్టరు, పాస్టరు గారికి ముందే చెప్పినా ఫర్వాలేదు. చిట్టీ మాత్రం ఆపకండి. ఆ నెల వాయిదా తప్పితే వచ్చే జరిమానా, పోయే పరువు రెండూ బట్టలకన్నా ఎక్కువ. మొదటి వేయి దానికే పక్కన పెట్టండి.