టోకెన్ వేసేముందు విమానం ఎవరిదో అడగండి

ప్రశ్న: మాది రాయగడ. మా నాన్నగారికి ఎనభై దాటాయి, సహస్ర చంద్ర దర్శనం కాశీలో చేయించాలని మా అందరి కోరిక. ఆయనకి రెండు మోకాళ్ళూ ఆపరేషన్ అయ్యాయి, అమ్మకి ఆయాసం, అంతదూరం ట్రైన్‌లో కుదరదు. మా బావ దుబాయ్‌లో ఉంటాడు, ఖర్చు నేను చూసుకుంటా, చార్టర్ ఫ్లైట్, అంటే విమానం మొత్తం అద్దెకి, మాట్లాడు అన్నాడు. విశాఖ నుంచి కాశీ, మూడో రోజు తిరుగు ప్రయాణం, మొత్తం ఏడుగురం. ఒక బ్రోకర్‌కి ఫోన్ చేస్తే వాట్సాప్‌లో ఫొటోలు పెట్టి గంటకి 2 లక్షలు, సాయంత్రంలోగా 3 లక్షలు టోకెన్ వెయ్యకపోతే విమానం వేరేవాళ్ళకి పోతుంది అంటున్నాడు. నమ్మొచ్చా? ఏటేటి అడగాలో కూడా తెలీడం లేదు.

జవాబు: ముందు ఆ సాయంత్రం డెడ్‌లైన్ సంగతి పక్కన పెట్టండి, మజ్జిగౌరమ్మ తల్లికి దణ్ణం పెట్టుకుని రెండ్రోజులు ఆగినా కాశీ ఎక్కడికీ పోదు. బ్రోకర్లందరూ మోసగాళ్ళని కాదండీ, మంచి బ్రోకర్ ఉంటే మీలాంటి వాళ్ళకి నిజంగా పనికొస్తాడు, ఏ విమానం ఈ రాత్రి ఏ ఊళ్ళో ఉంది, ఏది సర్వీసింగ్‌కి పోయింది అనేది మనకెలా తెలుస్తుంది, అతనికి తెలుస్తుంది. కానీ అతను పెళ్ళిళ్ళ పేరయ్య లాంటివాడు. సంబంధం చెప్తాడు, కాపురం చెయ్యడు. విమానం ఎగరేసేది ఆపరేటర్, బాధ్యత ఆపరేటర్‌ది, కాబట్టి అబ్బాయి ఎవరు ఏ ఇంటివాడు అని మనమే వాకబు చేసుకోవాలి.

ఈ వాకబులో మొదటి ప్రశ్న ఒక్కటే, విమానం రిజిస్ట్రేషన్ నంబర్ ఏంటి, ఏ ఆపరేటర్ పర్మిట్ మీద ఎగురుతోంది. మన దేశంలో రిజిస్టర్ అయిన విమానం నంబర్ వీటీ అనే అక్షరాలతో మొదలవుతుంది. డబ్బు తీసుకుని జనాన్ని ఎక్కించుకోవాలంటే డీజీసీఏ, అంటే పౌర విమానయానాన్ని అజమాయిషీ చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ, ఇచ్చే నాన్ షెడ్యూల్డ్ ఆపరేటర్ పర్మిట్ ఉండాలి, పరిశ్రమలో అందరూ ఎన్‌ఎస్‌ఓపీ అంటారు, ఆ పర్మిట్ ఉన్నవాళ్ళ లిస్టు డీజీసీఏ సైట్‌లోనే ఉంటుంది, మీ ఇంట్లో డిగ్రీ చదివే పిల్లల్ని కూర్చోబెడితే వెతికిపెడతారు. అసలు మెలిక ఏంటంటే కొన్ని విమానాలు ప్రైవేట్ కేటగిరీలో ఉంటాయి, అంటే ఓనరు తన మనుషులతో తిరగడానికే, అద్దెకి ఇవ్వకూడదు. ఎవరైనా అలాంటిది తక్కువ రేటుకి మాట్లాడిపెడతా అంటే, చూడ్డానికి అదే తెల్లటి విమానం, అవే లెదర్ సీట్లు, ప్రమాదం జరిగితే మాత్రం ఇన్సూరెన్స్ వాడు చేతులెత్తేసే ఛాన్స్ ఉంది.

ఫుట్‌బాల్ చూసేవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, 2019 జనవరిలో ఎమిలియానో సాలా అనే ఆటగాడు ఫ్రాన్స్‌లోని నాంట్ నుంచి కార్డిఫ్ వెళ్తూ చిన్న పైపర్ మాలిబు విమానంలో ఇంగ్లిష్ ఛానల్‌లో పడిపోయాడు. ఆ పైలట్‌కి డబ్బుకి ప్రయాణికుల్ని తీసుకెళ్ళే లైసెన్సు లేదు, రాత్రి నడిపే అర్హతా లేదు. ఆ ట్రిప్పు ఏర్పాటు చేసిన మనిషికి 2021లో కోర్టు 18 నెలల జైలు వేసింది. శిక్ష పడింది సరే, పోయినవాళ్ళు తిరిగిరారు కదా. అమెరికాలో అయితే 2019 నుంచి ఒక రూల్ ఉంది, బ్రోకర్ తను బ్రోకర్నేనని, నడిపే ఆపరేటర్ ఫలానా అని కస్టమర్‌కి చెప్పి తీరాలి. ఇక్కడ అతను తనంతట తను చెప్తాడని కూర్చోకండి, మీరే అడగండి, టోకెన్ వేశాకే విమానం నంబర్ చెప్తా అంటే, మీరు కూడా నంబర్ చెప్పాకే టోకెన్ వేస్తా అనండి.

ఇంకో లాభం కూడా ఉందండోయ్. ముగ్గురు బ్రోకర్ల దగ్గర కొటేషన్ తీసుకుంటే ఒక్కోసారి ముగ్గురూ అమ్మేది ఒకే విమానం! నంబర్ అడిగితే తెలిసిపోతుంది, అప్పుడు తేడా అంతా వాళ్ళ మార్జినే.

ఇప్పుడు గంటకి 2 లక్షల లెక్క. మీరు విమానంలో కూర్చునేది పోనూ రానూ మూడు గంటలే అనుకుందాం. కానీ విమానం విశాఖలో కట్టేసి ఉండదు కదా, హైదరాబాద్ నుంచి ఖాళీగా రావాలి, మిమ్మల్ని దింపాక ఖాళీగా పోవాలి, అదో రెండు గంటలు, దాన్ని ఫెర్రీ అంటారు, అదీ మీ బిల్లే. అయిదు గంటలకి 10 లక్షలు, పైన 18 శాతం జీఎస్టీ, 11 లక్షల 80 వేలు. ఇది కాక ల్యాండింగ్, పార్కింగ్, హ్యాండ్లింగ్, మూడు రోజులు కాశీలో ఆగితే హాల్టింగ్, పైలట్ల హోటల్. ఆగకుండా హైదరాబాద్ వెళ్ళి మళ్ళీ వస్తుంది అంటే ఇంకో మూడు గంటల ఫెర్రీ, అంటే పన్ను కాకుండా ఇంకో 6 లక్షలు, కాబట్టి ఆగితేనే నయమా అని తప్పకుండా అడగండి. మొత్తం అన్నీ కలిపి ఒకే అంకె కాగితం మీద రాసివ్వమనండి, బ్రోకర్ కమీషన్ అందులో ఉందా విడిగానా అన్నది కూడా. డబ్బు కంపెనీ ఖాతాకే, ఎవరి పర్సనల్ ఫోన్ నంబర్‌కీ కాదు.

నేను ఒకప్పుడు ఒక కంపెనీలో ట్రావెల్ బుకింగ్స్ చూసేవాణ్ణి. ఓసారి ఎనిమిది సీట్ల విమానం అని బుక్ చేస్తే తెల్లారి ఆరు సీట్లది వచ్చి నిలబడింది, ఇద్దరు ఇంటికి పోయారు, నాకు చివాట్లు. కాగితం తీసి చూస్తే 'లేదా సమానమైన విమానం' అని చిన్న అక్షరాల్లో ఉంది. సమానం అంటే ఏంటో ఎక్కడా రాయలేదు. విమానం మారితే ముందు మీ ఒప్పుకోలు కావాలని, నచ్చకపోతే డబ్బు మొత్తం వాపసు అని రాయించుకోండి.

ఇక నాన్నగారి మోకాళ్ళు. ఫొటోల్లో రాజభవనంలా కనిపిస్తుంది గానీ చిన్న జెట్లలో నిలువుగా నిలబడ్డానికే ఉండదు, వంగి నడవాలి, మెట్లు నిటారుగా సన్నగా ఉంటాయి, కొన్నింట్లో టాయిలెట్ అంటే కర్టెన్ చాటు సీటు. అమ్మగారికి ఆక్సిజన్ అవసరం పడితే ముందే చెప్పాలి, డాక్టరు చీటీ ఉండాలి. జెట్టే కావాలని పట్టుబట్టకండి, కింగ్ ఎయిర్ బీ200 లాంటి రెండు ఇంజన్ల టర్బోప్రాప్, అంటే ప్రొపెల్లర్ విమానం, అయితే కాస్త ఎక్కువసేపు పడుతుంది, గంట రేటు మాత్రం మామూలుగా తక్కువే. ఇలాంటివి మీరు అడక్కముందే, నాన్నగారు మెట్లు ఎక్కగలరా, లగేజీ ఎంత అని అడిగే బ్రోకర్ దొరికితే వదలొద్దు. పైలట్లు ఇద్దరూ ఉంటారా, ఆ రకం విమానం మీద ఎన్ని గంటల అనుభవం, ఇన్సూరెన్స్ కాపీ ఏదీ, ఇవి అడిగితే విసుక్కునేవాణ్ణి వదిలెయ్యండి. ఆర్గస్, వైవర్న్ లాంటి సంస్థలు ఆపరేటర్ల భద్రతని ఆడిట్ చేసి ఇచ్చే రేటింగులు ఉంటే మంచిదే, అవి పర్మిట్‌కి బదులు మాత్రం కావు. విశాఖ ఎయిర్‌పోర్టు నేవీ వాళ్ళది కాబట్టి టైము ముందే ఖాయం చేసుకోవాలి, మీరు రాయగడ నుంచి కారులో పార్వతీపురం మీదుగా దిగేసరికి ఆలస్యమైతే వెయిటింగ్ ఎంత అన్నదీ కనుక్కోండి.

ప్రశ్న: మాది జయపురం. మన ఎయిర్‌పోర్టులోనే జెట్ దింపిస్తా అంటున్నాడు బ్రోకర్. కుదురుతుందా?

జవాబు: 2022 అక్టోబర్‌లో అక్కడికి సర్వీసు మొదలైంది తొమ్మిది సీట్ల సెస్నా కారవాన్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానంతో, అది పొట్టి రన్‌వే మీద కూడా దిగే రకం. జెట్ సంగతి అలా కాదు. ఆ మాట బ్రోకర్ నోటితో కాదు, ఆపరేటర్ లెటర్‌హెడ్ మీద కావాలి. దేనికైనా అవుతుంది సార్ అనేవాడే నాకు భయం.

ప్రశ్న: బరంపురం నుంచి. భువనేశ్వర్ టు హైదరాబాద్ ఎంప్టీ లెగ్ చాలా చవగ్గా ఉందని మెసేజ్ వచ్చింది, మేనకోడలి పెళ్ళికి వెళ్ళొచ్చా?

జవాబు: ఎంప్టీ లెగ్ అబద్ధం కాదమ్మా, ఎవరినో దింపి ఖాళీగా పోయే విమానం అది. ఆ అసలు కస్టమర్ తేదీ మార్చుకుంటే మాత్రం మీదీ పోతుంది, మేనత్త లేకుండా ముహూర్తం దాటిపోతుంది. ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ రైల్లో టికెట్ తీసి పెట్టుకుని అప్పుడు ఆశపడండి.