కెంపుతో తొలి లేజర్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: లేజర్‌కు కెంపు పనికిరాదని 1960 నాటికి పెద్ద శాస్త్రవేత్తలే తేల్చేశారట. మరి అమెరికా భౌతిక శాస్త్రవేత్త థియొడోర్ మైమన్ దాన్నే ఎందుకు పట్టుకున్నారు? ఎలా వెలిగించారు?
– ఇంటర్ విద్యార్థిని, తెనాలి

జవాబు: వాళ్ల లెక్క సరైనదే, అందులో వేసుకున్న అంకే తప్పు. కెంపు పీల్చుకున్న కాంతిలో నూటికి ఒక వంతు మాత్రమే ఎరుపుగా బయటికొస్తుందని అప్పట్లో ఒక కొలత ప్రచారంలో ఉండేది. అదే నిజమైతే ఏ దీపమూ చాలదు. మిగతా శక్తి ఎటు పోతోందో చూద్దామని మైమన్ స్వయంగా కొలిచారు. చాలా భాగం ఎటూ పోవడం లేదు! సామర్థ్యం 75 శాతం దాకా తేలింది.

అయినా చిక్కు తీరలేదు. కెంపులో 0.05 శాతం ఉండే క్రోమియమే అసలు పనిమంతురాలు. ఆకుపచ్చ, ఊదా కాంతిని పీల్చి పైకి లేచిన క్రోమియం అయాన్లు వెంటనే ఒక మధ్య శక్తి మెట్టుకు దిగి, అక్కడ సుమారు 3 మిల్లీసెకన్లు ఆగుతాయి. ఆలోగా సగానికి మించి అయాన్లను ఆ మెట్టు మీదికి చేర్చితేనే లేజర్ వెలుగుతుంది. నిరంతరం వెలిగే దీపాలతో అది కష్టం. అందుకే ఫొటోగ్రాఫర్ల ఫ్లాష్ ల్యాంపు వైపు మళ్లారు.

జనరల్ ఎలక్ట్రిక్ వారి ఎఫ్‌టి-506 ల్యాంపు స్ప్రింగులా చుట్టుకుని ఉంటుంది. దాని నడుమ సుమారు 1 సెం.మీ. మందం, 2 సెం.మీ. పొడవున్న కెంపు కడ్డీ, చుట్టూ నునుపైన అల్యూమినియం గొట్టం. కడ్డీ రెండు కొనలకూ కాంతిని అద్దంలా తిప్పికొట్టే వెండి పూత, ఒక పూత మధ్యలో కాంతి బయటికి రావడానికి చిన్న కన్నం. కొనలు సరిగ్గా సమాంతరంగా లేకపోతే కాంతి నాలుగైదు సార్లు అటూ ఇటూ తిరిగేసరికే పక్కకు జారిపోతుంది.

1960 మే 16న కాలిఫోర్నియాలోని మాలిబూలో, హ్యూస్ పరిశోధనాశాలలో, సహాయకుడు ఇర్నీ డిహేనెన్స్‌తో కలిసి వోల్టేజీ కొద్దికొద్దిగా పెంచుతూ పోయారు. తక్కువ వోల్టేజీలో మామూలు ఎర్రటి మెరుపే వచ్చి నెమ్మదిగా చల్లారేది. 950 వోల్టులు దాటగానే, కాంతి తీవ్రతను తెర మీద గీతగా చూపే ఆసిలోస్కోపులో గీత ఒక్కసారిగా పైకి లేచింది; లేజర్ వెలిగిందన్నమాట. సినిమాల్లో చూపించే సన్నని ఎర్ర చార మాత్రం ఆ రోజు లేదు. మొదటి స్ఫటికం నాణ్యత అంతంతమాత్రమే మరి.

ప్రశ్న: పత్రికల్లో వచ్చిన ఫొటోలో ఉన్నది ఆ లేజరేనా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: కాదు. అసలుది మరీ చిన్నగా ఉందని ఫొటోగ్రాఫర్ ఇంకో పెద్ద ల్యాంపు పెట్టించి తీశాడు. ఆ బొమ్మ చూసి చాలామంది పెద్ద ల్యాంపులతోనే తయారుచేశారు, అవీ పనిచేశాయి! పరిశోధన పత్రాన్ని ఫిజికల్ రివ్యూ లెటర్స్ వెనక్కి పంపితే, ఆగస్టు 6న నేచర్ పత్రిక అచ్చువేసింది.

ప్రశ్న: కెమెరా ఫ్లాష్‌తో ఇంట్లో కెంపు లేజర్ చేయొచ్చా?
– ఒక లెక్చరర్, కాకినాడ

జవాబు: వద్దు. కెమెరా ఫ్లాష్ శక్తి చాలదు. చాలినంత పెద్ద కెపాసిటర్లు స్విచ్ ఆపేశాక కూడా ప్రాణం తీసేంత ఛార్జి దాచుకుంటాయి. 694 నానోమీటర్ల ఆ కాంతి ఎక్కడో తగిలి తిరిగొచ్చినా రెటీనా (కంటి లోపలి తెర) కాలిపోతుంది. పిల్లలకు చూపించాలంటే కృత్రిమ కెంపు ముక్క మీద చీకట్లో ఆకుపచ్చ ఎల్‌ఇడి టార్చి వేసి, ఎర్ర ఫిల్టర్‌లోంచి చూడమనండి. ఆకుపచ్చ ఆగిపోయి కెంపు నిప్పుకణంలా కనిపిస్తుంది. ఇనుము ఎక్కువున్న సహజ కెంపులైతే అంతగా వెలగవు.