ఎవరూ నీళ్లు వాడనప్పుడు మురుగు మోటారు తిరుగుతుంటే

చిత్తూరు

చి. ల. సౌ. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నిన్న ఫోనులో నువ్వు చెప్పిందంతా శ్రద్ధగా విన్నాను. ఇంట్లో అందరూ పడుకున్నాక, ఒక్క కుళాయి కూడా తిప్పకుండానే, పోర్టికోలో ఇంటి మురుగు చేరే గుంతలోని, ఆ మురుగును వీధి డ్రైనేజీలోకి తోసే మోటారు రాత్రికి రెండు మూడుసార్లు తనంతట తానే తిరిగి ఆగుతోందన్నావు. చూడటానికి వచ్చిన మెకానిక్ మూత అయినా ఎత్తకుండా మోటారు పాడైందని, కొత్తది వేయాలని అన్నాడనీ చెప్పావు. ఆ డబ్బు అప్పుడే ఇవ్వకండి తల్లీ. తిరగాల్సినప్పుడు తిరగని మోటారును అనుమానించాలి. అనుకోని వేళ తిరిగి, మళ్లీ దానంతటదే ఆగుతున్న మోటారు చాలాసార్లు తన పని తాను సక్రమంగా చేస్తున్నట్టే లెక్క. గుంతలో నీరు పెరిగితే నీటి మీద తేలే స్విచ్, అంటే ఫ్లోట్ లేస్తుంది, ఫ్లోట్ లేస్తే మోటారు తిరుగుతుంది. కాబట్టి ఆ వేళప్పుడు గుంతలోకి నిజంగా నీరు వస్తోందా, వస్తే ఎక్కడి నుంచి అన్నది ముందు తేల్చాలి. మోటారు సంగతి ఆ తర్వాత.

అంతకంటే ముందు, ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పవలసిన మాట ఒకటుంది. ఆ గుంతలోకి ఎవరూ దిగకూడదు, తల కూడా వంచకూడదు. మురుగు కుళ్లితే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు పుడుతుంది. మొదట కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలియకుండా పోతుంది. వాసన పోయింది కదా అని దిగినవాడు లోపలే కూలిపోతాడు, అతన్ని పైకి లాగబోయినవాడూ కూలిపోతాడు. ఇలాంటి వార్తలు ఏటా ఎన్ని చదవడం లేదు? దానితోపాటు మీథేన్ కూడా ఉంటుంది, అంటే దగ్గరలో అగ్గిపుల్ల గీయకూడదు, సిగరెట్టు వెలిగించకూడదు. మూత తీశాక చాలాసేపు గాలి ఆడనిచ్చి, దూరంగా నిలబడి టార్చిలైటు వేసి చూడండి. శుభ్రం చేయించాలంటే యంత్రంతో పీల్చే ట్యాంకరును పిలిపించండి. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మురుగు ట్యాంకులోకి దింపడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం. చట్టం లేకపోయినా, మన గుమ్మం ముందు ఒకరి ప్రాణం పణంగా పెట్టే హక్కు మనకెక్కడిది?

కరెంటు విషయంలోనూ అంతే. ఫ్లోట్‌ను గాని, వైరును గాని, గొలుసును గాని ముట్టుకోవాలంటే ముందు ప్యానల్ బోర్డులో ఆ లైనుకు కరెంటు పూర్తిగా ఆపే మీట, అదే ఎంసీబీ, కిందికి దించాలి. స్విచ్ ఆపితే సరిపోదు. ఆ మోటారుకు, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే ఎలక్ట్రీషియన్‌తో పెట్టించమని అల్లుడుగారికి చెప్పు. నీళ్లలో మునిగి ఉండే మోటారుకు అది తప్పనిసరి.

ఇక పని మొదలుపెట్టండి. ప్యానల్ బోర్డు పక్కన ఒక కాగితం అంటించి, మోటారు ఎప్పుడు మొదలైంది, ఎంతసేపు తిరిగింది, ఎప్పుడు ఆగింది రాయండి. అన్నిసార్లూ రాయలేకపోయినా ఫర్వాలేదు, మెలకువ వచ్చినప్పుడల్లా రాస్తే చాలు. మామూలుగా తిరిగినంతసేపే తిరిగి ఆగి, చాలాసేపటికి మళ్లీ మొదలైతే గుంతలోకి నీరు వస్తున్నట్టు. కొద్ది క్షణాలు తిరిగి ఆగి, కొద్ది నిమిషాలకే మళ్లీ అందుకుంటే తోసిన నీరు వెనక్కి వస్తున్నట్టు, లేదా ఫ్లోట్ వైరును మరీ కురచగా కట్టినట్టు. అసలు ఆగకపోతే అది వేరే కథ, కింద చెబుతాను. నువ్వు చెప్పినదాన్ని బట్టి మీది మొదటి రకమనే నా నమ్మకం.

దాన్ని తేల్చడానికి ఒక రాత్రి చాలు. పడుకునే ముందు రెండు బకెట్లు నీళ్లు పట్టుకుని, మేడ మీద ట్యాంకు నుంచి ఇంట్లోకి దిగే పైపుకున్న గేట్ వాల్వు పూర్తిగా కట్టేయండి. మునిసిపల్ కుళాయి లైనుకూ వాల్వు ఉంటుంది, దాన్నీ కట్టండి. చాలా ఇళ్లలో మంచినీటి సంపు నిండాక పొర్లే నీళ్లకు పెట్టిన పైపును ఎవరో తెలియక మురుగు గుంతలోకే కలిపేసి ఉంటారు. తెల్లవారుజామున కుళాయి వస్తుంది, సంపు నిండి పొర్లుతుంది, మురుగు మోటారు తిరుగుతుంది. ఇంటివాళ్లు మోటారుకు దెయ్యం పట్టిందనుకుంటారు. ఆ రెండు వాల్వులూ కట్టిన రాత్రి మోటారు తిరగకపోతే నీళ్లు మన ఇంట్లోవే. అయినా తిరిగితే నీళ్లు బయటివి, లేదా తప్పు కరెంటు వైపుది. వేల రూపాయలు ఖర్చు చేసే ముందు ఈ ఒక్క పరీక్ష చేయని ఇళ్లు చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

నీళ్లు ఇంట్లోవే అని తేలితే మొదట అనుమానించవలసినది మరుగుదొడ్డి ఫ్లష్ ట్యాంకును. లోపలి రబ్బరు వాషరు అరిగిపోయినా, ఫ్లోట్ వాల్వు పూర్తిగా మూసుకోక నీరు పొర్లే గొట్టంలోకి దిగినా, చప్పుడు లేకుండా బేసిన్‌లోకి జారుతూనే ఉంటుంది. తెల్లటి పింగాణీ మీద అది కంటికి ఆనదు. పొద్దున కాఫీకి వేసిన డికాక్షన్ అర గ్లాసు ఫ్లష్ ట్యాంకులో పోసి, అరగంట పాటు ఎవరూ వాడకుండా చూడు. బేసిన్‌లో నీళ్లు లేత గోధుమ రంగుకు తిరిగితే దొంగ దొరికినట్టే. వాషరు ధర ఎంతో నీకు తెలుసు, మోటారు ధర ఎంతో నిన్ననే విన్నావు.

లెక్క కూడా చెబుతాను, నమ్మకం కలుగుతుంది. మీ గుంత పొడవు, వెడల్పు 60 సెంటీమీటర్ల చొప్పున ఉన్నట్టు నాకు గుర్తు. అంటే ఒక్కో సెంటీమీటరు ఎత్తుకు 3.6 లీటర్లు. మోటారు మొదలయ్యే మట్టానికీ ఆగే మట్టానికీ తేడా 20 సెంటీమీటర్లు అనుకుంటే, ఒక్కో విడతకు 72 లీటర్లు బయటికి పోతుంది. ఫ్లష్ ట్యాంకు నుంచి నిమిషానికి అర లీటరు జారినా రాత్రి ఎనిమిది గంటల్లో 240 లీటర్లు. అంటే మోటారు మూడుసార్లు తిరగాలి. నువ్వు చెప్పిన లెక్కకు ఇది ఎంత దగ్గరగా ఉందో చూడు.

వంటింట్లో ఆర్‌ఓ మిషనును కూడా వదిలిపెట్టకు. తాగే నీళ్లకు రెండు మూడింతలు వృథాగా బయటికి వదిలే యంత్రం అది. ట్యాంకు నిండగానే ఆగాలి. ఆపే స్విచ్ పాడైతే సన్నని తెల్ల గొట్టం నుంచి రాత్రంతా సింకులోకి నీళ్లు పోతూనే ఉంటాయి. పడుకునే ముందు ఆ గొట్టం చివర ఒక చెంబు పెట్టి, పొద్దున చూస్తే తెలిసిపోతుంది. ఏసీ నీళ్లు మాత్రం కొద్దే, వాటిని పట్టించుకోవద్దు.

ఇక నీళ్లు బయటివైతే. ఇది మీ వీధికి ముఖ్యమైన సంగతి కాబట్టి కాస్త ఓపికగా చదువు. తిరుపతి కొర్లగుంటలో మీ ఇల్లు కట్టినప్పుడు వీధి కంటే గడప ఎత్తులో ఉండేది. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయేసరికి ఇల్లే పల్లంలో పడింది, అందుకే ఈ మోటారు అవసరమైంది. అంటే వీధిలోని భూగర్భ డ్రైనేజీ మీ గుంత కంటే ఎత్తులో ఉంది. మోటారు తోసిన మురుగు తిరిగి రాకుండా కాపాడేది పైపులోని నాన్‌రిటర్న్ వాల్వు ఒక్కటే. దాని రెక్క కింద ఒక గుడ్డపీలిక చిక్కుకున్నా, వెంట్రుకల ముద్ద పట్టినా అది పూర్తిగా మూసుకోదు. మామూలు రోజుల్లో పైపులో నిలిచిన కొద్దిపాటి నీరే వెనక్కి దిగుతుంది. రెండంగుళాల పైపులో మీటరుకు రెండు లీటర్లు, మూడు మీటర్ల నిలువు పైపైతే ఆరు లీటర్లు. దానికి మీ గుంతలో మట్టం రెండు సెంటీమీటర్లు కూడా పెరగదు. వానాకాలంలో వీధి మ్యాన్‌హోలు నిండితే మాత్రం ఊరి మురుగంతా మన గుంతలోకి దారి వెతుక్కుంటుంది. మోటారు తోస్తుంది, అది తిరిగి వస్తుంది, మోటారు మళ్లీ తోస్తుంది. 2021 నవంబరులో తిరుపతి వీధులు కాలువలైన రోజులు మరిచిపోలేదు కదా! మన వైపు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురుస్తాయి. ఈ వాల్వు సంగతి అంతకుముందే చూసుకోవాలి.

పరీక్ష సులువే. మోటారు ఆగిన వెంటనే, గుంతలోకి వంగకుండా, బయట ఉన్న పైపుకు చెవి ఆనించి వినండి. వాల్వు బాగుంటే ఒక్కసారి టక్కుమని మూసుకుని నిశ్శబ్దమైపోతుంది. బాగా లేకపోతే నీరు గలగలా దిగడం వినిపిస్తుంది. అనుమానం తీరకపోతే ఎంసీబీ దించి, నాన్‌రిటర్న్ వాల్వు తర్వాత ఉన్న గేట్ వాల్వు కట్టి, గుంత గోడ మీద నీరు ఎక్కడిదాకా ఉందో దూరం నుంచే చూసి గుర్తు పెట్టుకోండి. ఇంట్లో ఎవరూ నీళ్లు వాడకూడదు. గంట తర్వాత చూస్తే మట్టం కదలకపోతే తప్పు నాన్‌రిటర్న్ వాల్వుదే. అప్పుడూ పెరుగుతుంటే నీరు భూమిలోంచో వాన గొట్టంలోంచో వస్తోంది. ఎంసీబీ ఎత్తే ముందు ఆ గేట్ వాల్వు తిరిగి తెరవడం మరవకండి. కట్టిన వాల్వు మీద మోటారు తిరిగితే వేడెక్కి నిజంగానే కాలిపోతుంది.

కొత్త వాల్వు వేయిస్తే మురుగుకు సరిపడే రెక్క రకం వేయమనండి. మంచినీళ్లకు వాడే స్ప్రింగు రకం కొన్నాళ్లకే చెత్త పట్టి మూసుకుపోతుంది. రెండు వైపులా యూనియన్లు పెడితే మరోసారి పైపు కోయకుండా విప్పుకోవచ్చు. ఇంకో విషయం. మోటారుకూ ఆ వాల్వుకూ మధ్య పైపుకు చిన్న బెజ్జం ఉండవచ్చు, తిరిగేటప్పుడు అందులోంచి నీళ్లు చిమ్ముతుంటాయి. అది గాలి పట్టకుండా కావాలని వేసినది. లీకు అనుకుని ఎం-సీల్ ముద్ద పూసి మూసేయనివ్వకండి.

వానలు వెలిసినా కొన్ని వారాల పాటు మోటారు తిరుగుతూ, పొద్దున గుంతలో తేటనీరు కనిపిస్తుంటే భూగర్భజలం గోడల్లోంచి ఊరుతున్నట్టు. గుంతను తోడించి, వాటర్‌ప్రూఫ్ సిమెంటుతో పూత వేయించాలి. అది వేసవిలో చేసే పని, ఇప్పుడు తొందరపడి చేయించినా నిలవదు. వాన పడుతున్నంతసేపే తిరిగితే మేడ మీది వాన గొట్టం గుంతలో కలిసిందేమో చూడండి. వాన నీటిని ఇంకుడు గుంతకు మళ్లించండి.

మోటారు అసలు ఆగకుండా తిరిగే రోజు వస్తే వెంటనే ఎంసీబీ దించండి. ఈ మోటారుకు చుట్టూ ఉన్న నీరే చల్లదనం ఇస్తుంది, గుంత ఖాళీ అయ్యాక కూడా తిరిగితే నష్టం ఎక్కువ. ప్యానల్ స్విచ్‌ను ఎవరైనా ఆటో నుంచి మాన్యువల్‌కు తిప్పి వదిలేశారేమో మొదట చూడండి, ఇది చాలా ఇళ్లలో జరుగుతుంది. తర్వాత ఫ్లోట్. అది పైపుకో గొలుసుకో తగులుకుని పైనే ఉండిపోతుంది, లేదా వంటనూనె జిడ్డు గడ్డకట్టి గోడకు అంటుకుపోతుంది. కరెంటు ఆపి, పొడవాటి కర్రతో కదిపి, నీళ్లు గట్టిగా కొట్టి కడిగితే చాలావరకు సర్దుకుంటుంది. స్విచ్‌ను ఆఫ్‌లో పెట్టినా మోటారు ఆగలేదంటే ప్యానల్‌లో మోటారుకు కరెంటు కలిపి తీసే కాంటాక్టరు పాయింట్లు అతుక్కుపోయినట్టు, అది ఎలక్ట్రీషియన్ పని. గుంత నిండుగా ఉండి, మోటారు తిరుగుతున్నా మట్టం తగ్గకపోతే నీటిని తోసే చక్రంలో, అంటే ఇంపెల్లరులో ఏదో చిక్కుకుంది. మోటారును గొలుసుతో పైకి లాగించి చూడాలి. వైరు పట్టుకుని మాత్రం లాగనివ్వవద్దు, సీలు దగ్గర చీలిక వస్తే నీరు లోపలికి దిగుతుంది.

తిరుపతిలో ఇల్లున్నవాళ్లకు దర్శనానికి వచ్చే చుట్టాలు తప్పరు. రావాలి కూడా, మీ ఇల్లు ఎప్పుడూ నలుగురితో కళకళలాడాలి. కానీ వచ్చినవాళ్లకు తెలియదు కదా, శానిటరీ ప్యాడ్లు, పిల్లల డైపర్లు, తడి టిష్యూలు మరుగుదొడ్డిలో పడేస్తారు. స్నానాల గదిలో మూత ఉన్న చెత్తబుట్ట పెట్టి, నువ్వే మొహమాటపడకుండా చెప్పు. వేయించిన నూనె సింకులో పోయవద్దు.

ఆ మెకానిక్ మీద కోపం పెట్టుకోకు. మీరు మోటారు తిరుగుతోందని మాత్రమే చెప్పారు, అతను మోటారునే చూశాడు. రాసిన కాగితం చేతికిస్తే చూపు మారుతుంది. ఈ రాత్రే రెండు వాల్వులూ కట్టి చూడండి. రేపు పొద్దున డికాక్షన్ పరీక్ష కూడా చేసి, కాగితం ఫోటో తీసి నాకు పంపు. అది చూశాక అతనితో నేనే ఫోనులో మాట్లాడతాను.

అల్లుడుగారిని అడిగినట్టు చెప్పు. పిల్లలకు ముద్దులు.

ఇట్లు,
మామయ్య