సెమినరీ ఆవరణలోని పాత ఇంటి చరిత్ర రాయబోయే అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

కాలిఫోర్నియాలోని ప్యాసడీనాలో, క్రైస్తవ మతవిద్య నేర్పే ఫుల్లర్ సెమినరీ ఆవరణలో ఉన్న పాత క్రాఫ్ట్స్‌మన్ (ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ల చెక్కపని శైలి) ఇంటి చరిత్ర రాయడానికి ఒప్పుకున్నావని విని చాలా సంతోషించాను. రాయడం మొదలుపెట్టే ముందు ఒక సంగతి గుర్తుంచుకో. ఆ ఇల్లు సెమినరీ కన్నా పాతది. ఫుల్లర్ 1947లో ఒక చర్చి గదుల్లో మొదలై, ఇప్పటి ఆవరణకు 1953లో వచ్చింది. కాబట్టి సెమినరీ బీరువాల్లో దొరికేది సగం కథే. మొదటి సగం కౌంటీ రికార్డుల్లో ఉంటుంది. అక్కడే మొదలుపెట్టు.

ముందు దస్తావేజులు. మనవైపు ఈసీ తీసి లింకు డాక్యుమెంట్లు పట్టుకుంటాం చూడు, అలాగే సెమినరీ కొన్న దస్తావేజు నుంచి ఒక్కొక్క చెయ్యి దాటుకుంటూ వెనక్కి వెళ్లు. డోర్ నంబరుతో వెతక్కు, నంబర్లు మారిపోతుంటాయి. లాట్ (ప్లాటు), బ్లాక్, ట్రాక్ట్ (లేఅవుట్) పేరు రాసి పెట్టుకుని వెతుకు. చాలా దస్తావేజుల్లో ధర 'పది డాలర్లు' అని ఉంటుంది. అది ఆనవాయితీగా రాసే మాటే తప్ప అసలు ధర కాదు. ఇల్లు పది డాలర్లకు అమ్ముడుపోయిందని రాసి నవ్వులపాలు కావద్దు.

దస్తావేజు స్థలం సంగతే చెబుతుంది, ఇల్లు ఎప్పుడు లేచిందో చెప్పదు. అందుకు పన్ను అసెస్‌మెంటు పుస్తకాలు చూడాలి. వాటిలో నేలకు ఒక గడి, కట్టడానికి ఒక గడి ఉంటాయి. కట్టడం గడి ఏ ఏడాది ఖాళీ నుంచి అంకెగా మారిందో చూడు. ఆ రోజుల్లో కాలిఫోర్నియాలో లెక్క కట్టేది మార్చి మొదటి సోమవారం నాటి స్థితిని బట్టి. 1904 జూన్‌లో పూర్తయిన ఇల్లు 1905 పుస్తకంలోనే కనిపిస్తుంది. ఇది తెలియక ఏడాది తేడాతో రాసేవాళ్లు చాలామంది. ఆస్తిపన్ను లెక్కగట్టే అసెసర్ వెబ్‌సైటులో కనిపించే 'కట్టిన సంవత్సరం' ఒక్కటే చూసి రాయకు. అది చాలాసార్లు తర్వాత ఎవరో అంచనాగా వేసిందే. పర్మిట్టో, పని పూర్తయిన నోటీసో, కాంట్రాక్టర్ల వారపత్రికలో ప్రకటనో దానికి తోడు ఉండాలి.

అగ్నిబీమా కంపెనీల కోసం ఒక్కొక్క కట్టడాన్నీ గీసిన సాన్‌బోర్న్ పటాలు తప్పక చూడు. అంగుళానికి యాభై అడుగుల కొలత. పసుపు రంగు చెక్క ఇల్లు, గులాబీ రంగు ఇటుక కట్టడం, నీలం రాతి కట్టడం. వరండా ఎటు ఉందో, వెనక గది ఎప్పుడు చేరిందో వరుస పటాలు పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది. కానీ పాత పటం మీదే సవరణ చీటీలు అంటించేవాళ్లు. అందుకని పటం అచ్చయిన ఏడాదితో పాటు సవరించిన ఏడాది కూడా రాసుకో. ఇంటి ఆకారం ఒక పటంలో ఒక చోట, తర్వాతి పటంలో ఇంకో చోట ఉంటే ఇంటిని ఎత్తి తరలించారేమో అనుమానించు, తరలింపు పర్మిట్టు వెతుకు.

ఎవరెవరు ఉన్నారో జనగణనలో దొరుకుతుంది. 1910 పట్టికలో ఇల్లు సొంతమా అద్దెదా, తాకట్టులో ఉందా అన్నది కూడా ఉంటుంది. ఇంట్లోనే ఉండి పనిచేసిన వంటవాళ్ల పేర్లు, పుట్టిన దేశాలు కూడా అందులోనే ఉంటాయి. వాళ్లనూ చరిత్రలో రాయి. ఇంటి యజమాని గురించే రాసి ఊరుకుంటే అది చరిత్ర కాదు.

ఇక ఇల్లు. వెడల్పాటి చూరు, బయటికి పొడుచుకొచ్చిన వాసాల కొసలు, చెక్క పెంకుల గోడ, బట్టీలో అతిగా కాలి మెలితిరిగిన ఇటుకల చిమ్నీ... ఇవన్నీ శైలి చెబుతాయి, తేదీ చెప్పవు. తేదీ కోసం నిప్పుగూడు దగ్గర కూర్చుని చూడు. గోధుమరంగు, మట్టిరంగు బ్యాచెల్డర్ పలకలు అతికించి ఉంటే జాగ్రత్త. ఎర్నెస్ట్ బ్యాచెల్డర్ ప్యాసడీనాలో పలకలు చేయడం మొదలుపెట్టిందే 1910 ప్రాంతంలో. ఇల్లు అంతకు ముందుదైతే ఆ నిప్పుగూడు తర్వాత మార్చినదే. చిమ్నీని కప్పు పైన, కప్పు కింద వేరువేరుగా చూడు. సున్నం రంగు మారితే పై భాగం తర్వాత, బహుశా ఏదో ఒక భూకంపం తర్వాత, తిరిగి కట్టి ఉండొచ్చు.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ప్యాసడీనాలో పేరుమోసిన ఆర్కిటెక్టులు గ్రీన్ సోదరుల పేరు. ఆ ఊళ్లో వాసం కొస గుండ్రంగా కనిపిస్తే చాలు, 'గ్రీన్ అండ్ గ్రీన్ కట్టారట' అంటారు. వాళ్ల గ్యాంబుల్ హౌస్ 1908–09 నాటిది, అందరూ దాన్ని చూసే పోలుస్తారు. వాళ్ల డ్రాయింగులు హంటింగ్టన్ లైబ్రరీలో, కొలంబియా విశ్వవిద్యాలయం ఏవరీ లైబ్రరీలో, బర్క్‌లీలో ఉన్నాయి. అక్కడ యజమాని పేరు దొరక్కపోతే ఆ మాట రాయొద్దు. ఆర్కిటెక్టు పేరు ఎక్కడా లేకపోతే 'తెలియదు' అని రాయడానికి సిగ్గుపడకు.

సెమినరీ కాలానికి ట్రస్టీల మినిట్సు, ఫోన్ డైరెక్టరీలు, పాత ఫొటోలు చూడు. ఏ గది ఎప్పుడు ఆఫీసైంది, ఏ అడ్డుగోడ ఎప్పుడు వచ్చింది, వెనక మెట్లు ఎందుకు పెట్టారు, ఇవన్నీ గది గదికీ రాయి.

నేషనల్ రిజిస్టర్‌కు, అంటే అమెరికా చారిత్రక స్థలాల జాబితాకు, పంపే ఆలోచన ఉంటే ఒక నిబంధన ముందే తెలుసుకో. మత సంస్థ ఆస్తికి ప్రాముఖ్యం దాని మతపరమైన పాత్ర వల్ల కాక ప్రధానంగా వాస్తుశిల్పం వల్లనో, కళ వల్లనో, చరిత్ర వల్లనో రావాలి. అందుకని నీ దరఖాస్తులో వాసాలు, పలకలు, చెక్క పని ముందు రావాలి. తరలించిన ఇల్లయితే దానికి ఇంకో నిబంధన విడిగా వర్తిస్తుంది, కాబట్టి ఆ సాన్‌బోర్న్ పటాల పని అన్నిటికన్నా ముందే ముగించుకో.